జోడుగా దించడమా, విడదీసి దించడమా

ఇంజనును బండి నుంచి వేరుచేసి బయటికి తీసే పనిని తెలుగు మెకానిక్కులు ‘ఇంజను దించడం’ అంటారు. అంబాసిడర్ లాంటి కారులో ఆ పని జరిగే తీరు చూస్తే ఇంజను దిగదు, లేస్తుంది. బానెట్ విప్పేసిన ఖాళీలోంచి గొలుసుకు వేలాడుతూ మనిషి ఛాతీ ఎత్తు దాకా వచ్చి, బండిని వెనక్కి నెట్టిన తర్వాతే నేలకు చేరుతుంది. అయినా ఆ మాట సరైనదే. తల మీది గంపను దించడం, పొయ్యి మీది ఎసరు దించడం, ఎద్దు మెడ మీది కాడి దించడం అన్నప్పుడు ఆ క్రియ చెప్పేది దిక్కును కాదు, మోస్తున్నదానికి బరువు తప్పించడాన్ని. తిరిగి బిగించే పనికి అదే వాడుకలో ‘ఎక్కించడం’ అని పేరు. ఈ పనిలో దిగేవారు మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇంజనును దాని వెనక అంటిపెట్టుకుని ఉన్న గేర్‌బాక్సుతో కలిపి ఒకే కట్టుగా తీయాలా, లేక ఆ రెండింటినీ బండిలోనే విడదీసి ఇంజనును మాత్రమే తీయాలా? పానా పట్టకముందే ఇది తేలాలి, ఎందుకంటే ఏ బోల్టును ముందు విప్పాలి, దేనిని ముట్టకూడదు, జాకీ ఎక్కడ పెట్టాలి, గొలుసు ఎక్కడ కట్టాలి అన్నవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఉన్న ప్రాధాన్యం చదునైన కోస్తా ఊళ్లలో అంతగా ఉండదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా ఆ ఊళ్ల రాకపోకలు నల్లమల దాటి అవతలి వైపుకు సాగడం మానలేదు. గిద్దలూరు నుంచి గాజులపల్లె మీదుగా నంద్యాల వెళ్లే దారి, మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కే దారి, రెండూ ఘాట్ రోడ్లే. మలుపులో ముందు బండి ఆగినప్పుడు, ఎదురుగా లోడు లారీ వచ్చినప్పుడు, ఎత్తు మీద నిలిచిపోయిన బండిని వెనక్కి జారనివ్వకుండా కదిలించవలసి వచ్చినప్పుడు డ్రైవరు క్లచ్ పెడల్‌ను పూర్తిగా వదలకుండా సగంలో పట్టి ఉంచుతాడు. డ్రైవర్లు దీనినే హాఫ్ క్లచ్ అంటారు.

ఆ సగం తొక్కుడు వల్ల లోపల జరిగేదేమిటో తెలిస్తే తప్ప ఇంజను దించే చర్చ అర్థం కాదు. ఇంజనులో పిస్టన్ల పైకిందుల కదలికను గుండ్రటి తిప్పుడుగా మార్చే కడ్డీని క్రాంకు షాఫ్టు అంటారు. దాని చివర బిగించిన బరువైన ఇనుప చక్రం ఫ్లైవీలు. దాని మీదికి స్ప్రింగుల బలంతో నొక్కేది ప్రెషర్ ప్లేటు. ఆ రెండింటి నడుమ, రెండు వైపులా రాపిడి పొర అంటించి ఉండే పలచని బిళ్ల క్లచ్ ప్లేటు. పెడల్ వదిలితే క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు బిగుసుకుని ఇంజను తిప్పుడును గేర్‌బాక్సుకు అందిస్తుంది. పూర్తిగా తొక్కితే వదులై, ఇంజను తన మానాన తాను తిరుగుతుంది. సగం తొక్కితే జారుతూ, రాసుకుంటూ, వేడెక్కుతూ అరుగుతుంది. ఘాట్ ఎక్కే బండికీ, పలకరాయి లోడుతో మట్టి దారుల్లో తిరిగే బండికీ ఈ అరుగుదల ఎక్కువ. అరిగే ఆ ప్లేటు ఉండేది సరిగ్గా ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య, గంట ఆకారంలో ఉన్నందున బెల్ హౌసింగ్ అని పేరు పడిన గుల్లలో.

ఇంజనుకు ఏ జబ్బూ లేక క్లచ్ ప్లేటు మాత్రమే అరిగితే చాలా బండ్లలో ఇంజనును ముట్టకుండా గేర్‌బాక్సు ఒక్కదాన్నే కింద నుంచి దించి, ప్లేటు మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. ఇంజను బోరు అరిగి ఆయిలు తాగుతూ పొగ వదులుతున్నప్పుడు, క్రాంకు బేరింగులు పోయినప్పుడు, బ్లాకు పగిలినప్పుడు మాత్రం ఇంజను దించక తప్పదు, జోడును ఎక్కడో ఒకచోట విడదీయకా తప్పదు. కాబట్టి విడదీయాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. చీకటిగా, ఇరుకుగా ఉన్న బండి పొట్టలో విడదీయాలా, వెలుతురులోకి తెచ్చి నేల మీద విడదీయాలా అన్నదే అసలు ప్రశ్న.

నిజానికి ఈ జోడు మొదటి నుంచీ ఇలా కలిసి లేదు. 1891లో ఫ్రాన్సులో పనార్, లెవాసోర్‌ల కంపెనీ ఇంజనును ముందు పెట్టి, దాని వెనక క్లచ్చునూ గేర్‌బాక్సునూ వరుసగా అమర్చి వెనక చక్రాలను నడిపించే పద్ధతిని తెచ్చినప్పుడు, ఆ పద్ధతిని అనుసరించిన తొలితరం కార్లలో చాలావాటికి గేర్‌బాక్సు ఇంజనుకు దూరంగా చాసిస్ (బండి అడుగు చట్రం) మధ్యలో వేరుగా కూర్చునేది. గతుకుల్లో చాసిస్ మెలిపడినప్పుడల్లా రెండు షాఫ్టుల వరుస తప్పేది. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టి లాంటి బండ్లు రెండింటినీ ఒకే కట్టుగా బిగించే పద్ధతిని సామాన్య జనం దాకా తెచ్చాయి. అలా షాఫ్టుల వరుసను కాపాడే బాధ్యత చాసిస్ నుంచి పోత లోహానికి మారింది. 1950ల చివర మొదలై 2014లో తయారీ ఆగేదాకా నడిచిన అంబాసిడర్, అడవి దారులకు అలవాటుపడిన మహీంద్రా జీపు, దాని తర్వాత వచ్చిన బొలేరో, అన్నీ ఈ అమరికలోనివే: ముందు ఇంజను, దాని వెనక గేర్‌బాక్సు, అక్కడి నుంచి వెనక ఇరుసు దాకా పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు.

ఇలాంటి బండిలో జోడుగా దించాలంటే బానెట్, రేడియేటరు, ముందు జాలీ తీసి దారి ఖాళీ చేయాలి. బ్యాటరీ వైర్లు, పెట్రోలు లేదా డీజిలు గొట్టాలు, సైలెన్సరు గొట్టం, గేరు రాడ్లు, స్పీడోమీటరు కేబులు వదులు చేయాలి. వెనక ప్రొపెల్లర్ షాఫ్టును ఊడదీయాలి. చివరగా ఫౌండేషన్లు, అంటే ఇంజను వణుకు బండికి తగలకుండా కింద ఉండే రబ్బరు దిమ్మలు, విప్పాలి. లేపడానికి చైన్ బ్లాకు వాడతారు. చేతితో లాగే గొలుసు లోపలి పళ్లచక్రాలను చాలాసార్లు తిప్పితే తప్ప బరువు మోసే కొక్కెం కొద్దిగా కూడా కదలదు కాబట్టి, ఒక్క మనిషి లాగినా అంత బరువూ మెల్లగా, జారకుండా లేస్తుంది. ఇంజను, గేర్‌బాక్సు కలిసిన కట్టు పొడుగ్గా ఉంటుంది, ఇంజను గది పొట్టిగా ఉంటుంది. అందుకని గొలుసును ముందుకు దగ్గరగా కట్టి, ఇంజను మూతి పైకి లేచేలా, గేర్‌బాక్సు తోక కిందికి వాలేలా, కట్టును బాగా ఏటవాలుగా తిప్పి బయటికి లాగవలసి ఉంటుంది. ఆ వాలులో, ప్రొపెల్లర్ షాఫ్టు ఊడిన తోక రంధ్రం నుంచి గేర్ ఆయిలు ధారగా కారిపోతుంది. తెలిసిన మేస్త్రీ ముందే ఆయిలు దించేస్తాడు, లేకపోతే ఆ రంధ్రానికి పాత యోకు (ప్రొపెల్లర్ షాఫ్టు ముందు కొసన ఉండే గొట్టం ముక్క) గాని గుడ్డతో కలిపి ప్లాస్టిక్ సంచి గాని బిగించి కడతాడు.

గొలుసు తగిలించే ముక్కాలి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాన తక్కువగా పడి, బోరుబావుల మీదే బతుకు నడిచే ఈ మెట్ట ప్రాంతంలో మూడు ఇనుప గొట్టాల ముక్కాలి, దానికి వేలాడే చైన్ బ్లాకు మెకానిక్ షెడ్డులో కంటే పొలాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. బోరులోంచి సబ్‌మెర్సిబుల్ మోటారు, అంటే నీటిలో మునిగి పనిచేసే మోటారు, తీయడానికి వాటినే వాడతారు. మోటారుతో పాటు దాని పైనున్న పైపుల వరుసంతా కలిసి లేస్తుంది. ఒక్కో పైపు నేల మట్టం దాటి బయటికి రాగానే, కింది పైపుకు క్లాంపు బిగించి బరువును దాని మీదికి మార్చిన తర్వాతే జాయింటు విప్పుతారు. బోరు లోతులోకి చేయి పోదు కాబట్టి అక్కడ విడదీసే చోటును ఎంచుకునే స్వేచ్ఛ లేదు. వెలుతురులోకి వచ్చాకే విప్పాలి. కారు మేస్త్రీకి ఆ స్వేచ్ఛ ఉంది. ఉన్నందువల్లే అతను తప్పు చేసే వీలూ ఉంది.

విడదీసి దించే పద్ధతిలో మొదటి జాగ్రత్త గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి దాని బరువును దానికి అప్పగించడం. తర్వాత బెల్ హౌసింగ్ చుట్టూ ఉన్న బోల్టులు తీయాలి. వీటిలో పైనున్న రెండు మూడు ఇంజను వెనక గోడకు దగ్గరగా నక్కి ఉండి చేతికి అందవు, పొడుగాటి కడ్డీకి గొట్టం పానా తగిలించి తాకుడుతోనే వెతకవలసి ఉంటుంది. ఇంజనును స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు కూడా ఊడాలి. ఇంత అయ్యాక కూడా ఇంజను వెంటనే పైకి రాదు, రాకూడదు. గేర్‌బాక్సు నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటు నడిబొడ్డున ఉన్న పళ్ల రంధ్రంలోంచి దూరి, క్రాంకు షాఫ్టు చివర ఉన్న చిన్న పైలట్ బేరింగులో మూతి పెట్టి ఉంటుంది. ఇంజనును ముందుకు, తిన్నగా, షాఫ్టు పూర్తిగా బయటపడేదాకా లాగాలి. తొందరపడి ఒక్క అంగుళం ముందే పైకి లేపితే బరువంతా ఆ సన్నటి షాఫ్టు మీదా, క్లచ్ ప్లేటు బొడ్డు మీదా పడుతుంది; వంగిన ప్లేటు అప్పుడు కంటికి కనిపించదు, బండి రోడ్డెక్కాక ప్రతి గేరుకూ వణుకుతూ బయటపడుతుంది. కాడి దించేటప్పుడు ఒక ఎద్దును వదిలి రెండో ఎద్దు మెడ మీద కాడి బరువంతా వేలాడనివ్వడం ఎంత తప్పో, ఇదీ అంతే తప్పు. ఒంగోలు గిత్తలను పెంచిన జిల్లాలో ఈ పోలికకు వేరే వివరణ అవసరం లేదు.

ఈ ప్రాంతానికే చెందిన మరో పనితనం ఈ చర్చకు దగ్గరగా వస్తుంది. మార్కాపురం పలకరాయి, కడప బేసిన్‌లోని నల్లమల శిలా సముదాయంలో భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరుతో గుర్తించిన శ్రేణికి చెందినది. మెత్తటి బురద కోట్ల ఏళ్ల ఒత్తిడికి గట్టిపడి, ఒకే దిశలో పొరలుగా చీలే గుణం సంపాదించుకున్న రాయి అది. పనివాడు ఉలి మొనను పొర అంచున ఆనించి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే రాయి తనంతట తాను పలుచని రేకుగా విడిపోతుంది. పొరకు అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. బడిపిల్లల పలకలైనా, నేడు గోడలకూ నేలకూ పరిచే బండలైనా ఆ ఒక్క తెలివి నుంచే వచ్చాయి. ఇంజను, గేర్‌బాక్సుల మధ్య ఉన్న అతుకు కూడా అలాంటి పొరే, అక్కడా షాఫ్టు దిశలోనే తిన్నగా విడదీయాలి, అడ్డంగా బలం వాడకూడదు. కాని పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. పలకను చీల్చడంతో పని ముగుస్తుంది, దానిని తిరిగి అతికించమని ఎవరూ అడగరు. ఇంజనును విడదీయడం సగం పని మాత్రమే. జోడుగానా, విడిగానా అన్న ప్రశ్నకు చాలామంది దించే సౌలభ్యాన్ని బట్టి జవాబు వెతుకుతారు. వెతకవలసింది ఎక్కించే కష్టాన్ని బట్టి.

ఎక్కించేటప్పుడు జరగవలసిందంతా ఒక రంధ్రంలోకి ఒక కడ్డీ దూరడమే, అయినా మొత్తం పనిలో అతి కష్టమైన ఘట్టం అదే. ప్రెషర్ ప్లేటు బిగించే ముందు క్లచ్ ప్లేటు సరిగ్గా కేంద్రంలో నిలవాలి; అందుకు పాత గేర్‌బాక్సు నుంచి తీసి దాచుకున్న షాఫ్టును గాని, లేతు మీద కొలతకు తిప్పించిన చెక్క కడ్డీని గాని దూర్చి పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తారు. ఇంజను నేల మీద ఉంటే, గేర్‌బాక్సును ఒకరు పట్టుకుని ఊపుతూ, మరొకరు కళ్లు అతుకు ఎత్తులో పెట్టి సందు చుట్టూ సమానంగా ఉందో లేదో చూస్తూ, షాఫ్టు పళ్లు కలవకపోతే గేరులో వేసి వెనక కొసను కొద్దిగా తిప్పుతూ, కొద్దిసేపట్లో కలిపేస్తారు. బండి లోపల అదే పనికి ఇంజను గొలుసుకు వేలాడుతుంటుంది, గేర్‌బాక్సు జాకీ మీద నిలబడి ఉంటుంది, రెండింటి వాలూ ఒకటి కాదు; చూడటానికి చోటుండదు. చివరి అంగుళం దగ్గర ఆగిపోయినప్పుడు పొడుగాటి బోల్టులు వేసి బిగించి లాగేద్దామన్న తొందర పుడుతుంది. ఆ తొందరే బెల్ హౌసింగ్ చెవులను విరగ్గొడుతుంది, పైలట్ బేరింగును నలిపేస్తుంది. రెండు లోహాలూ చేతి బలంతోనే, మాట విన్నట్టు దగ్గరికి రావాలి. రాకపోతే లోపల ఏదో తప్పు కూర్చుందని అర్థం, వెనక్కి తీసి చూడాలి. అనుభవం ఉన్నవారు రెండు పొడుగు బోల్టుల తలలు కోసేసి, వాటిని దారి చూపే కడ్డీలుగా రంధ్రాల్లో నిలబెట్టుకుంటారు. ఇంజను వెనక ముఖాన ఉండే రెండు చిన్న డోవెల్ పిన్నులు, అంటే రెండు పోతలనూ ఒకే వరుసలో నిలిపే గుండ్రటి చీలలు, పోగొట్టుకుని బోల్టుల మీదే ఆధారపడితే షాఫ్టు వరుస వెంట్రుకవాసి తప్పి, కొద్ది నెలల్లోనే కొత్త ప్లేటు బొడ్డు పగలవచ్చు.

ముందు చక్రాలే నడిపే చిన్న కార్లు వచ్చాక లెక్క మారింది. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారులో అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా పెట్టి, గేర్‌బాక్సును దాని పొట్ట కిందే, ఇంజను ఆయిలులోనే ముంచి అమర్చాడు. అక్కడ ఇంజనును గేర్‌బాక్సుతో కలిపి తీయడం తప్ప వేరే దారి లేదు. 1964లో ఇటలీ ఇంజనీరు దాంతె జకోసా ఆటోబియాంకి ప్రిములా కారులో గేర్‌బాక్సును అడ్డంగా ఉన్న ఇంజనుకు పక్క కొసన తగిలించాడు, 1969 నాటి ఫియట్ 128 ఆ అమరికను లోకమంతా చాటింది. 1983 డిసెంబరులో మన రోడ్ల మీదికి వచ్చిన మూడు సిలిండర్ల, 796 సీసీల మారుతి 800 కూడా ఆ పద్ధతిలోనిదే. ఇంజను, గేర్‌బాక్సు పక్కపక్కన ఉండటంవల్ల ఇలాంటి కారులో కట్టు పొట్టిగా ఉంటుంది, ఏటవాలుగా తిప్పే అవసరం తక్కువ. రెండు వైపుల యాక్సిళ్లను గేర్‌బాక్సు నుంచి లాగేస్తే జోడు మొత్తంగా లేస్తుంది. ఇంజను గది పక్క గోడలకూ కట్టుకూ మధ్య సందు బాగా ఇరుకు కాబట్టి, షాఫ్టు బయటపడేంత దూరం ఇంజనును పక్కకు జరపడానికి చోటు చిక్కదు. అందుకే ఈ కార్లలో జోడుగా తీయడమే మేలు. కొన్ని కొత్త కార్లలో ఇంజను, గేర్‌బాక్సు కూర్చున్న సబ్‌ఫ్రేము అనే ఇనుప చట్రంతో సహా కింద నుంచే దింపి, బండి పైభాగాన్ని లిఫ్టు మీద ఎత్తి పట్టుకుంటారు. అక్కడ ‘దించడం’ అన్న మాట అక్షరాలా నిజమవుతుంది.

ఈ చర్చకు ఇంకో కొసన ట్రాక్టరు ఉంది. 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరు చాసిస్‌నే తీసేసి, ఇంజను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు పెట్టెలను ఒకదానికొకటి బిగించి అదే బండి వెన్నెముక అయ్యేలా చేసింది. ఇప్పుడు మెట్ట పొలాలు దున్నే ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ఆ వారసత్వమే. వాటిలో క్లచ్ ప్లేటు మార్చాలంటే బండినే నడుముకు రెండుగా విడదీయాలి: వెనక భాగాన్ని గట్టి దిమ్మల మీద నిలిపి, ముందు చక్రాలతో ఉన్న ఇంజను భాగాన్ని నెమ్మదిగా ముందుకు దొర్లిస్తారు. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగేలా ఉంటుంది కాబట్టి, విడదీసే ముందే ఇరుసుకూ దాని పట్టుకూ మధ్య రెండు వైపులా చెక్క ముక్కలు దిగ్గొట్టకపోతే ఇంజను పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. నేల చదునుగా లేని కల్లంలో ఈ పని పెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న కార్ల విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. వాటిలో క్లచ్చుకు బదులు ఆయిలుతో నిండిన టార్క్ కన్వర్టరు అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. విడదీస్తే అది గేర్‌బాక్సు వైపే ఉండిపోవాలి, ఇంజనుకు అంటుకుని రాకూడదు, తిరిగి కలిపేటప్పుడు పంపు పళ్లలో పూర్తి లోతు దాకా కూర్చున్నాకే బోల్టులు బిగించాలి, లేకపోతే పంపు పగులుతుంది. 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ రకం మాత్రం మామూలు గేర్‌బాక్సుకే క్లచ్చును తొక్కి గేర్లు మార్చే యంత్రం తగిలించినది కాబట్టి, దానికి వర్తించేవి మామూలు క్లచ్ నియమాలే.

వీటన్నిటి వెనకా డబ్బు లెక్క ఒకటి నిలబడి ఉంటుంది. జోడుగా దించితే విప్పవలసిన వస్తువులు ఎక్కువ, ఆయిలు వృథా, కూలి ఎక్కువ చెబుతారు. విడదీసి దించితే మొదటి రోజు పని తేలిగ్గా, చౌకగా కనిపిస్తుంది. పలకల బండికైనా, ప్రయాణికుల జీపుకైనా ఆగిన ప్రతి రోజూ నష్టమే కాబట్టి యజమాని చౌకవైపు మొగ్గడం సహజం. ఇరుకు గదిలో ఎక్కించే కష్టాన్ని లెక్క కట్టి చూస్తే, పొడుగు ఇంజను గది, చేతికి అందే బోల్టులు, బాగా పనిచేస్తున్న గేర్‌బాక్సు ఉన్న జీపు లాంటి బండిలో తప్ప, తక్కిన చోట్ల జోడుగా దించడమే నిలిచే పని. ఏ పద్ధతి ఎంచుకున్నా, వేలాడుతున్న ఇంజను కింద మనిషి గాని, మనిషి చేయి గాని ఉండకూడదు. వేప కొమ్మకు చైన్ బ్లాకు కట్టే షెడ్డులో ఇది మరీ ముఖ్యం.

బండి యజమానులు అడగవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. ఇంజను దించాలన్న మాట వినగానే ఎంతవుతుందని మాత్రమే అడిగి ఊరుకోకుండా, కలిపి దించుతున్నారా విడదీసి దించుతున్నారా, ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటును దేనితో కేంద్రంలో నిలుపుతారు, డోవెల్ పిన్నులు రెండూ చోటులో ఉన్నాయా అని మేస్త్రీని మర్యాదగా అడగండి. పని తెలిసిన మేస్త్రీ ఆ ప్రశ్నలకు సంతోషిస్తాడు. జోడు విడిపోయి నేల మీద ఉన్న ఆ ఒక్క రోజునే రిలీజ్ బేరింగు (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును వదులు చేసేది), పైలట్ బేరింగు, క్రాంకు వెనక ఆయిలు సీలు మూడూ మార్పించండి. వాటి ఖరీదు తక్కువ; వాటిలో ఏ ఒక్కటి తర్వాత పోయినా దాన్ని చేరడానికి మళ్లీ ఆ జోడును విడదీయవలసిందే.